దెబ్బతిన్న నాణెం: ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు?

పాఠ్యభాగ క్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 నాణేనికి తగిలే దెబ్బలు: మూడు దశలు
7.3 ఏది కింద, ఏది పైన?
7.4 జోగల్‌తంబి నాణేల రాశి
7.5 కరిగించకుండా మళ్ళీ ఎందుకు ముద్రించారు?
7.6 నాణెం చెప్పేది, చెప్పనిది
7.7 ఒక హెచ్చరిక
7.8 సారాంశం
7.9 కీలక పదాలు
7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• పాత నాణెం మీద కనిపించే దెబ్బలు ఏ దశలో తగిలాయో వేరు చేసి చెప్పగలుగుతారు.
• పునర్ముద్రిత నాణేన్ని గుర్తించే పద్ధతిని వివరించగలుగుతారు.
• శాతవాహన, క్షహరాట సంబంధాలకు జోగల్‌తంబి నాణేలు ఏ విధంగా సాక్ష్యమో తెలుసుకుంటారు.
• నాణెం ఇచ్చే సాక్ష్యానికి ఉన్న హద్దులను గ్రహిస్తారు.

7.1 పరిచయం

చరిత్ర పుస్తకాల్లో అచ్చయ్యే నాణేల బొమ్మలు చక్కగా ఉంటాయి. రాజు ముఖం స్పష్టంగా కనిపిస్తుంది, అక్షరాలు చదవడానికి వీలుగా ఉంటాయి. కానీ నాణేలను స్వయంగా వేరు చేయడానికి కూర్చున్న వారికి అటువంటివి తక్కువగా దొరుకుతాయి. అరిగినవి, వంగినవి, పగిలినవి, గాట్లు పడినవి, ఏ బొమ్మో తెలియనివి ఎక్కువగా చేతికి వస్తాయి. వాటిని ఏం చేయాలన్నదే ఈ పాఠంలోని ప్రశ్న.

నా సొంత అనుభవంతో మొదలుపెడతాను. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో కలగాపులగంగా ఉన్న కొన్ని వెండి నాణేలను వేరు చేసే పని నాకు అప్పగించారు. బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టుకున్నాను. గుర్తించినవి ఒకదానిలో, అనుమానం ఉన్నవి ఇంకొకదానిలో, చెడిపోయినవి మూడోదానిలో వేస్తున్నాను. మధ్యాహ్నానికి ఒక చిన్న నాణెం చేతికి వచ్చింది. రూపాయి బిళ్ళ కంటే చిన్నది. దాని మీద ఒక ముక్కు, పెదవులు, గడ్డం కనిపిస్తున్నాయి. చెంప ఉండవలసిన చోట కమానుల వంటి గీతలు ఉన్నాయి. అంచు దగ్గర కొన్ని అక్షరాలు ఒక దిక్కుకు, మరికొన్ని ఇంకో దిక్కుకు తిరిగి ఉన్నాయి. రెండో వైపు తిప్పి చూస్తే అక్కడా అదే గందరగోళం. బలమైన దెబ్బ ఏదో తగిలి బొమ్మ పాడైందనుకుని మూడో పళ్ళెంలో వేశాను. దస్త్రంలో ‘చెడిపోయినది, గుర్తించ వీలు కాదు’ అని రాశాను.

సాయంత్రం మా గురువుగారు వచ్చారు. గుర్తించిన నాణేల పళ్ళెం వైపు ఆయన చూడనేలేదు. చెడిపోయిన వాటి పళ్ళెం ముందుకు లాక్కుని, ఆ నాణేన్ని తీసి దీపం పక్కన పెట్టి, అటూ ఇటూ తిప్పారు. “దెబ్బ తగిలిందని రాశావు, సరే. ఎవరు కొట్టారయ్యా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అది ఒక రాజు నాణెం మీద అతన్ని ఓడించిన మరో రాజు వేయించిన ముద్ర అని తెలిసిన తరువాత, దస్త్రంలో నేను రాసిన మాటను కొట్టివేశాను. ఆ కొట్టివేత గుర్తు అందులో అలాగే ఉంది. ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్ననే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

7.2 నాణేనికి తగిలే దెబ్బలు: మూడు దశలు

నాణెం మీద కనిపించే ప్రతి లోపాన్నీ కాలక్రమంలో పెట్టి చూడాలి. నాణెం జీవితాన్ని మూడు దశలుగా విభజించుకుంటే ఈ పని సులువవుతుంది.

(అ) టంకశాలలో జరిగే పొరపాట్లు. ప్రాచీన కాలంలో నాణేలను చేతితో ముద్రించేవారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్య లోహపు బిళ్ళ ఉంచి సుత్తితో కొట్టేవారు. బిళ్ళ పక్కకు జరిగితే బొమ్మ సగమే పడుతుంది. మొదటి దెబ్బ చాలలేదని రెండోసారి కొట్టినప్పుడు బిళ్ళ కొంచెం కదిలితే ఒకే బొమ్మ రెండుసార్లు పడుతుంది. ముద్రించిన నాణెం అచ్చుకు అతుక్కుపోయినది గమనించకుండా కొత్త బిళ్ళ పెట్టి కొడితే, ఆ కొత్త బిళ్ళకు ఒక వైపు బొమ్మ లోతుగా, తలకిందులైన అద్దపు ప్రతిబింబంలా వస్తుంది. అచ్చే పగిలితే ఆ పగులులోకి లోహం చొచ్చుకుపోయి నాణెం మీద ఉబ్బెత్తు గీత ఏర్పడుతుంది.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోండి. గీత ఉబ్బెత్తుగా ఉంటే లోపం సాధారణంగా అచ్చుది. గీత లోతుగా ఉంటే దెబ్బ నాణేనికి తగిలినది. గోటితో తాకితేనే చాలా సందర్భాల్లో తేడా తెలుస్తుంది.

(ఆ) చెలామణిలో తగిలే దెబ్బలు. ఇవి చరిత్రకారునికి ఎక్కువ పనికివచ్చేవి, ఎందుకంటే వీటిలో చాలా వరకు కావాలని చేసినవి. లోపల రాగి ఉండి పైన వెండి పూత ఉన్న దొంగ నాణెమేమోనని అనుమానం వచ్చినప్పుడు ఉలితో చిన్న గాటు పెట్టి చూసేవారు. విద్ధాంక నాణేల మీద అసలు చిహ్నాలతో పాటు కనిపించే చిన్నచిన్న గుర్తులు షరాఫులు వేసిన పరీక్ష ముద్రలని పలువురు పండితులు భావించారు. నాణేనికి రంధ్రం ఉన్నా, కొక్కెం అతికించిన మచ్చ ఉన్నా అది ఎప్పుడో ఒకప్పుడు ఆభరణమైందని అర్థం. మన కాసుల పేరు తెలిసిన వారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

కొన్ని గాట్లకు కారణం అంత తేలికగా దొరకదు. 1898లో తమిళ దేశంలోని పుదుక్కోట్టై ప్రాంతంలో 501 రోమన్ బంగారు నాణేల రాశి బయటపడింది. వాటిలో నూటికి తొంభైకి పైగా నాణేల మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంది. ఒకటో రెండో అయితే పరీక్ష కోసమనుకోవచ్చు. దాదాపు అన్నింటికీ అదే చోట అదే గాటు ఉండటం ఒక నిర్ణయాన్ని సూచిస్తుంది. ఇక వీటిని నాణేలుగా కాక బంగారంగానే తూచి తీసుకోవాలని అలా చేశారని ఒక అభిప్రాయం ఉంది.

ఈ దశలో అన్నింటికంటే ముఖ్యమైనది పునర్ముద్రణ. అంటే ఒక పాలకుని నాణేన్నే బిళ్ళగా ఉపయోగించి, దాని మీద మరో పాలకుని అచ్చుతో కొట్టడం. క్రీ.శ. 132–135లో రోమన్లపై తిరుగుబాటు చేసిన యూదులు, తమ మధ్య చెలామణిలో ఉన్న రోమన్ నాణేల మీదే తమ ముద్రలు వేసుకున్నారు. మన దక్కనులో జరిగిన ఇటువంటి ఘట్టాన్నే 7.4లో చూడబోతున్నాం.

(ఇ) పోయిన తరువాత తగిలే దెబ్బలు. మట్టిలోని తేమ, లవణాలు, నాగలి కర్రు, పలుగు, చివరికి దొరికినవారు తోమే చింతపండు కూడా ఈ కోవలోకే వస్తాయి. గాటు లోపల కూడా మిగతా నాణెం మీద ఉన్న మసక రంగే ఉంటే గాటు పాతది. గాటు లోపల లోహం తళతళలాడుతుంటే అది ఇటీవలిది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
ఒక నాణెం మీద రాజు ముఖానికి అడ్డంగా గీత ఉంది. అది టంకశాలలో ఏర్పడిందో, తరువాత తగిలిన గాటో ఎలా నిర్ణయిస్తారు? నాలుగు వాక్యాల్లో రాయండి.

7.3 ఏది కింద, ఏది పైన?

రెండు బొమ్మలు కలగలిసిన నాణెం కనిపించినప్పుడు ముందుగా తేల్చవలసింది అవి ఒకే అచ్చువా, వేర్వేరు అచ్చులవా అన్నది. ఒకే ముక్కు రెండుసార్లు, ఒకే అక్షరం రెండుసార్లు కనిపిస్తే బిళ్ళ కదిలినందువల్ల జరిగిన పొరపాటు కావచ్చు. ముక్కు ఒక శైలిదై, దాని పక్కన దానితో సంబంధం లేని కొండ గుర్తు ఉంటే, లేదా రెండు వేర్వేరు లిపులు ఒకదానిపై ఒకటి పడి ఉంటే, పునర్ముద్రణను అనుమానించాలి. ఒకే నాణెం మీద రెండు మూడు లిపులు ఉండటం పశ్చిమ భారతంలో మామూలే కనుక, లిపులు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే చాలదు. అవి ఒకదానినొకటి తొక్కుతున్నాయా లేదా అన్నది చూడాలి.

తరువాత వరుస తేల్చాలి. నిన్నటి ముగ్గు చెరపకుండా దాని మీదే ఈరోజు ముగ్గు వేశారనుకోండి. ఈరోజు గీత ఎక్కడా తెగకుండా సాగుతుంది. నిన్నటి గీత మాత్రం, రెండూ కలిసిన ప్రతిచోటా తెగిపోతుంది. నాణెం మీద కూడా అంతే. తెగకుండా సాగిన గీత తరువాతిది, తెగిన గీత ముందుది.

పరిశీలనకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. చీకటి గదిలో టార్చిలైటును బల్లకు దాదాపు ఆనించి, వెలుగు నాణెం మీద పక్కనుంచి పడేలా పెట్టండి. పైనుంచి పడే వెలుగులో కనిపించని పల్చని ఉబ్బులు నీడ వల్ల తేలి వస్తాయి. నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ చూడండి. తరువాత నాణేన్ని పెద్దదిగా ఫోటో తీసి, దాని మీద పల్చని కాగితం పరచి, తెగకుండా సాగిన గీతలను ఎర్ర పెన్సిలుతో, తెగిన గీతలను నీలి పెన్సిలుతో గీయండి. కాసేపటికి ఒక కాగితం మీదే రెండు నాణేలు విడివిడిగా కనిపిస్తాయి. నా గురువుగారు ఆ సాయంత్రం నాతో చేయించిన పని ఇదే. నీలి గీతల్లో మనిషి ముఖం, ఎర్ర గీతల్లో కొండ తేలాయి.

అంచులను ప్రత్యేకంగా చూడాలి. కొత్త అచ్చు పాత బిళ్ళ మీద సరిగ్గా మధ్యకు పడకపోతే, అది తాకని అంచుల్లో పాత అక్షరాలు మిగిలిపోతాయి. చాలాసార్లు పాత రాజు పేరు దొరికేది అక్కడే. చివరగా బరువు తూచాలి, వ్యాసం కొలవాలి. పునర్ముద్రణలో బిళ్ళ కాస్త వెడల్పు కావచ్చు, అంచు చీలవచ్చు, కానీ బరువు మాత్రం పాత నాణేనిదే ఉంటుంది.

7.4 జోగల్‌తంబి నాణేల రాశి

నా పళ్ళెంలోని నాణెం ఒంటరిది. కానీ అటువంటివి వేల సంఖ్యలో ఒకేచోట దొరికిన సందర్భం ఒకటి ఉంది. గోదావరి పుట్టిన నాసిక్ జిల్లాలో జోగల్‌తంబి అనే గ్రామం ఉంది. 1906లో అక్కడ వెండి నాణేల పెద్ద రాశి బయటపడింది. దానిని హెచ్.ఆర్. స్కాట్ పరిశీలించి, 1908లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ బొంబాయి శాఖ పత్రికలో వివరాలు ప్రకటించాడు. రాశిలోని నాణేలు సుమారు 13,250. అన్నీ నహపాణుని నాణేలే. వాటిలో 9,270 దాకా, అంటే ఇంచుమించు నూటికి డెబ్బై, గౌతమీపుత్ర శాతకర్ణి ముద్ర పడినవి.

నహపాణుడు క్షహరాట వంశానికి చెందిన శక క్షత్రపుడు. అతని వెండి నాణెం రెండు గ్రాముల పైచిలుకు బరువు, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఒకవైపు కుడిపక్కకు చూస్తున్న రాజు తల, చుట్టూ గ్రీకు అక్షరాలు ఉంటాయి. మరోవైపు బాణం, వజ్రాయుధం, వాటి చుట్టూ బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపుల్లో రాజు పేరు, వంశం పేరు ఉంటాయి. ఒక చిన్న నాణెం మీద మూడు లిపులన్నమాట. సముద్ర వ్యాపారం జోరుగా సాగిన పశ్చిమ తీరానికి తగిన నాణెం అది. గ్రీకు నావికుడొకడు రాసిన ‘ఎర్ర సముద్రపు పెరిప్లస్’ అనే గ్రంథం బరుకచ్ఛం రేవును, అక్కడి నాణేల మారకాన్ని వర్ణిస్తూ ఆ ప్రాంతపు పాలకుని పేరు చెబుతుంది. ఆ పేరు నహపాణునిదేనని చరిత్రకారులు గుర్తించారు.

గౌతమీపుత్రుని ముద్రలో ఒకవైపు మూడు కమానుల కొండ, దానిపై నెలవంక, కింద అలల వంటి గీత, చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృతంలో అతని పేరు ఉంటాయి. మరోవైపు ‘ఉజ్జయిని చిహ్నం’ అని పిలిచే గుర్తు, అంటే నాలుగు కొసలకు నాలుగు గుండ్రని బంతులున్న శిలువ ఆకారం ఉంటుంది. నా నాణెం మీద చెంప ఉండవలసిన చోట కనిపించినవి ఈ కొండ కమానులే. అటూ ఇటూ తిరిగిన అక్షరాల్లో కొన్ని నహపాణుని గ్రీకు అక్షరాలు, కొన్ని గౌతమీపుత్రుని బ్రాహ్మీ అక్షరాలు. గందరగోళమనిపించింది నిజానికి రెండు ప్రభుత్వాల మాటలు.

ఈ ముద్రలు చాలావరకు వంకరగా, పాత బొమ్మను పూర్తిగా కప్పకుండా పడ్డాయి. కాబట్టి పని వేగంగా సాగి ఉంటుందనుకోవచ్చు. పాత రాజును కొంత కనిపించనిచ్చినా పరవాలేదు, కొత్త రాజు ముద్ర పడితే చాలుననే ధోరణి అందులో ఉంది. మనకు మేలు చేసింది ఈ తొందరే. జాగ్రత్తగా చెరిపి ఉంటే కింద ఎవరున్నారో ఈనాడు తెలిసేది కాదు.

ఈ సాక్ష్యం ప్రాముఖ్యం తెలియాలంటే నాసిక్ గుహల శాసనాలతో కలిపి చూడాలి. నహపాణుని అల్లుడు ఋషభదత్తుడు ఆ గుహల్లో దానశాసనాలు వేయించాడు. భిక్షువుల కోసం 3,000 కార్షాపణాలు నేతపనివారి శ్రేణుల దగ్గర మదుపు పెట్టినట్లు, అందులో 2,000కు నెలకు నూటికి ఒకటి చొప్పున, 1,000కి ముప్పావు చొప్పున వడ్డీ వచ్చేటట్లు ఏర్పాటు చేసినట్లు ఒక శాసనంలో ఉంది. తరువాత గౌతమీపుత్రుడు తన 18వ పాలనా సంవత్సరంలో, అంతకు ముందు ఋషభదత్తుని అనుభవంలో ఉన్న 200 నివర్తనాల పొలాన్ని భిక్షువులకు ఇస్తూ అక్కడే ఆజ్ఞ వేయించాడు. ఆ పిమ్మట మనుమడు వాసిష్ఠీపుత్ర పులోమావి 19వ పాలనా సంవత్సరంలో, గౌతమీ బాలశ్రీ తన కుమారుణ్ణి స్మరిస్తూ వేయించిన శాసనం అతన్ని క్షహరాట వంశాన్ని నిర్మూలించినవాడని కీర్తించింది.

కొడుకును గురించి తల్లి చెప్పిన మాట అది. ప్రశస్తి శాసనాల్లో అతిశయోక్తి ఉంటుందని మీరు వెనుకటి పాఠాల్లో చదివారు. బాలశ్రీ మాటను ఎంతవరకు నమ్మాలి? ఇక్కడే జోగల్‌తంబి రాశి సాక్షిగా నిలుస్తుంది. పొలం చేతులు మారిందని ఒక శాసనం చెబితే, ధనం చేతులు మారిందని తొమ్మిది వేల నాణేలు చెబుతున్నాయి. ఆ నాణేలను ముద్రించినవారికి ఎవరినీ పొగడవలసిన పని లేదు. వారు తమ ముందున్న బిళ్ళ మీద సుత్తితో కొట్టారంతే.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
బాలశ్రీ శాసనానికి, జోగల్‌తంబి నాణేలకు సాక్ష్యాలుగా ఉన్న తేడా ఏమిటి? రెండూ ఒకదానికొకటి ఎలా తోడ్పడుతున్నాయి?

7.5 కరిగించకుండా మళ్ళీ ఎందుకు ముద్రించారు?

ఓడిన రాజు నాణేలను కరిగించి, కొత్త బిళ్ళలు పోసి, తన బొమ్మతో ముద్రించడం గెలిచిన రాజుకు సాధ్యమే. గౌతమీపుత్రుడు అలా ఎందుకు చేయలేదు? దీనికి సమాధానం ఏ శాసనంలోనూ లేదు. పరిస్థితులను బట్టి ఊహించాలి. ఇది ఊహ అని గుర్తుంచుకునే చదవండి.

మొదటిది ఖర్చు. కరిగించాలంటే కట్టెలు, బొగ్గు, మూసలు, నిపుణులు, కాలం కావాలి. కరిగించిన ప్రతిసారీ కొంత వెండి తరుగుపోతుంది. తిరిగి తూచాలి, కత్తిరించాలి. ఉన్న నాణేన్నే బిళ్ళగా తీసుకుంటే ఒక్క సుత్తి దెబ్బతో పని పూర్తవుతుంది.

రెండోది ప్రజల నమ్మకం. శాతవాహన నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి, పోటిన్ లోహాలవి. తెలంగాణలోని పెద్దబంకూరు తవ్వకాల్లో వేల సంఖ్యలో బయటపడిన నాణేలను చూస్తే ఇది తెలుస్తుంది. పశ్చిమ ప్రాంతపు బజారు మాత్రం నహపాణుని వెండికి అలవాటు పడింది. ఆ బరువు, ఆ పరిమాణం వ్యాపారులకు, శ్రేణులకు, మఠాలకు చేతికి తెలిసినవి. ఋషభదత్తుడు మదుపు పెట్టిన ఏర్పాట్ల వంటివి ఆ ప్రాంతంలో ఉన్నప్పుడు, రాజు మారినంత మాత్రాన బాకీలు మాసిపోవు. చెలామణిలో ఉన్న ధనాన్ని ఒక్కసారిగా లాగివేస్తే నష్టపోయేది నేతపనివాడు, అప్పిచ్చినవాడు, వడ్డీపై ఆధారపడిన భిక్షువు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు బ్యాంకుల ముందు వరుసలో నిలబడిన వారికి చలామణి ఆగిపోవడమంటే ఏమిటో బాగా తెలుసు. గౌతమీపుత్రుని కాలంలో వెండిని రద్దు చేయలేదు, దాని మీద పేరు మార్చారు.

మూడోది రాజకీయ ప్రకటన. కరిగించిన నాణేనికి గతం ఉండదు. పునర్ముద్రించిన నాణెం ఓడిన రాజు ముక్కును, గెలిచిన రాజు కొండను ఒకేచోట చూపిస్తూ సంతలో తిరుగుతుంది. చదువు రానివారికి కూడా ఆ రెండు బొమ్మల అర్థం తెలిసేది.

తరువాతి కాలంలో ఈ అనుభవం శాతవాహనులకు ఉపయోగపడింది. పులోమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వంటి రాజులు క్షత్రపుల పద్ధతిలో సొంత ముఖచిత్రంతో వెండి నాణేలు వేయించారు. వాటి మీద ఒకవైపు ప్రాకృతం, మరోవైపు ద్రావిడ భాషా రూపాలు కనిపించడం తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగిన విషయం.

7.6 నాణెం చెప్పేది, చెప్పనిది

పునర్ముద్రిత నాణెం వరుసను చెబుతుంది. నహపాణుడు ముందు, గౌతమీపుత్రుడు తరువాత. ఈ వరుసను తిరగవేయడం ఎవరికీ సాధ్యం కాదు, ఎందుకంటే ముందు లేని నాణెం మీద ముద్ర వేయలేరు.

కానీ అది సంవత్సరం చెప్పదు. మీరు చదివే పుస్తకాల్లో గౌతమీపుత్రుని పాలనకు క్రీ.శ. 78–102 అని ఒకచోట, 106–130 అని మరోచోట కనిపించి ఉంటుంది. చాలామంది విద్యార్థులు వీటిలో ఒకటి అచ్చుతప్పు అనుకుంటారు. కాదు. నహపాణుని కాలపు శాసనాల్లో 42, 45, 46 వంటి సంవత్సరాలు ఉన్నాయి. చివరిదైన 46 అతని మంత్రి అయముడు వేయించిన జున్నార్ శాసనంలోది. ఈ సంఖ్యలు క్రీ.శ. 78లో మొదలైన శక సంవత్సరాలని భావిస్తే 46 అంటే క్రీ.శ. 124. గౌతమీపుత్రుని 18వ సంవత్సరం దాదాపు అప్పుడే అనుకుంటే అతని పాలన 106లో మొదలైందని వస్తుంది. ఆ సంఖ్యలు శక సంవత్సరాలు కావని భావించేవారు నహపాణుణ్ణి ఇంకా ముందుకు, మొదటి శతాబ్దిలోకి తీసుకువెళతారు. అప్పుడు గౌతమీపుత్రుడూ అతనితో పాటే వెనక్కు జరుగుతాడు. ఇద్దరూ కలిసే కదులుతారన్నది గమనించండి. వారిని అలా ఒకరి వెంట ఒకరిని కట్టిపడేసింది ఈ దెబ్బతిన్న నాణేలే.

నాణెం మరికొన్ని విషయాలు కూడా చెప్పదు. ఇద్దరు రాజులు యుద్ధరంగంలో ముఖాముఖి తలపడ్డారా? నహపాణుడు అప్పటికి బతికే ఉన్నాడా, అతని వారసులు మాత్రమే మిగిలారా? పాత నాణేల మీద పాత రాజు పేరే ఉంటుంది కనుక ముద్ర వేసే నాటికి అతను ఉన్నాడనడానికి అది రుజువు కాదు. రాశిలో ముద్ర పడని నాణేలు నూటికి ముప్పై దాకా ఎందుకున్నాయి? పునర్ముద్రణ ఇంకా సాగుతుండగా దాచిపెట్టారా, పాతవీ కొత్తవీ పక్కపక్కనే చెల్లాయా? రెండింటికీ అవకాశం ఉంది. పరీక్షలో ‘నహపాణుణ్ణి యుద్ధంలో చంపినట్లు జోగల్‌తంబి నాణేలు నిరూపిస్తున్నాయి’ అని రాస్తే అది తప్పు. ‘నహపాణుని ధనం గౌతమీపుత్రుని అధీనంలోకి వచ్చినట్లు నిరూపిస్తున్నాయి’ అని రాయండి.

7.7 ఒక హెచ్చరిక

ఈ పాఠాన్ని సంపర్క తరగతుల్లో చెప్పిన తొలి సంవత్సరాల్లో, ఇళ్ళలో పాత నాణేలుంటే శుభ్రం చేసి తీసుకురమ్మని విద్యార్థులతో అన్నాను. మట్టి దులిపి తెమ్మనడమే నా ఉద్దేశం. తరువాతి ఆదివారం ఒక అమ్మాయి నాయనమ్మ పెట్టెలో దొరికిన చిన్న వెండి నాణేన్ని తెచ్చింది. చింతపండుతో, బూడిదతో తోమి తెల్లగా మెరిపించింది. ఒక వైపు కొండ వంటి ఆకారం ఛాయగా ఉంది. దాని కింద ఇంకేదో ఉందేమోనని టార్చిలైటు పక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఏమీ తేలలేదు. ఉంటే గింటే ఆ పల్చని ఉబ్బులే ముందుగా అరిగిపోతాయి. అది ఒక ముద్రో, రెండు ముద్రలో నేను చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి చేసింది తప్పు కాదు. నేను చెప్పినట్లే చేసింది. మాట అజాగ్రత్తగా వాడినది నేను.

కాబట్టి ఇప్పుడు ఇలా చెబుతున్నాను. పాత నాణెం దొరికితే తోమకండి, రుద్దకండి, ఆమ్లంలో వేయించకండి. అంచులు పట్టుకుని తీసి, మెత్తని కాగితంలో విడిగా చుట్టండి. ఎక్కడ, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికిందో అదే రోజు రాసిపెట్టండి. రాశిగా దొరికితే ‘మంచివి’, ‘చెడ్డవి’ అని విడదీయకండి. జోగల్‌తంబిలో నూటికి డెబ్బై అన్న లెక్క తేలింది అన్ని వేల నాణేలు కలిసి పరిశీలనకు వచ్చినందువల్లనే. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి భారత నిధుల చట్టం చెబుతుంది. వెండి ధరకు అమ్మేసిన నాణెం కంసాలి మూసలో కరిగిపోతుంది. దానితో పాటు దాని మీద ఉన్న రెండో రాజు కూడా పోతాడు.

7.8 సారాంశం

నాణెం మీద కనిపించే లోపం టంకశాలలో, చెలామణిలో, లేదా పోయిన తరువాత ఏర్పడి ఉండవచ్చు. ఏ గీత తెగింది, ఏది తెగకుండా సాగింది అన్నది చూస్తే ముద్రల వరుస తెలుస్తుంది. 1906లో దొరికిన జోగల్‌తంబి రాశిలోని సుమారు 13,250 నహపాణుని వెండి నాణేల్లో 9,270 దాకా గౌతమీపుత్ర శాతకర్ణి పునర్ముద్రించినవి. నాసిక్ శాసనాలతో కలిపి చూసినప్పుడు అవి క్షహరాటుల పతనానికి, పశ్చిమ దక్కను శాతవాహనుల వశం కావడానికి బలమైన సాక్ష్యం. అయితే ఆ నాణేలు వరుసను చెబుతాయే కానీ సంవత్సరాన్ని చెప్పవు. ‘చెడిపోయినది’ అని రాసే ముందు ఎవరు, ఎప్పుడు, ఎందుకు కొట్టారని అడగడం చరిత్ర విద్యార్థి కర్తవ్యం.

7.9 కీలక పదాలు

*టంకశాల:* నాణేలు ముద్రించే చోటు.
*బిళ్ళ:* ముద్ర పడకముందు ఉన్న లోహపు ముక్క.
*పునర్ముద్రణ:* ఒక నాణేన్నే బిళ్ళగా చేసుకుని మరో అచ్చుతో ముద్రించడం.
*రాశి:* ఒకేచోట దాచగా బయటపడిన నాణేల సమూహం.
*విద్ధాంక నాణేలు:* విడివిడి చిహ్నాలను గుచ్చి ముద్రించిన ప్రాచీన నాణేలు.
*నివర్తనం:* ప్రాచీన భూమి కొలత.

7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. శాతవాహన, క్షహరాట సంఘర్షణకు జోగల్‌తంబి నాణేలు ఏ విధమైన సాక్ష్యాన్ని అందిస్తున్నాయి? ఆ సాక్ష్యానికి ఉన్న హద్దులను చర్చించండి.
2. నాణేలపై దెబ్బలను వర్గీకరించి, ఒక్కొక్కదాని చారిత్రక ప్రాముఖ్యాన్ని వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. పునర్ముద్రిత నాణేన్ని గుర్తించే పద్ధతి.
2. గౌతమీపుత్ర శాతకర్ణి పాలనకు రెండు రకాల తేదీలు ఎందుకు ఉన్నాయి?
3. నాసిక్ గుహల్లోని దానశాసనాలు.

III. అభ్యాసం
మీ ఇంట్లోని చిల్లర డబ్బాలోంచి ఇరవై నాణేలు తీసి వేరు చేయండి. వాటిలో అన్నింటికంటే దెబ్బతిన్న దాన్ని ఎంచుకుని, ఆ దెబ్బ ఏ దశలో తగిలి ఉంటుందో, అలా అనుకోవడానికి ఆధారం ఏమిటో ఒక పేజీ రాయండి. సంపర్క తరగతికి ఆ నాణేన్ని తీసుకురండి. తోమకుండా తీసుకురండి.